క్యాన్సర్ కణానికి కాళ్లెక్కడివి? ప్రోస్టేట్ నుంచి వెన్నెముక దాకా సిగ్నల్స్ కథ

(వీడియో ఎపిసోడ్ పూర్తి పాఠం. మాట్లాడిన మాటలు చాలావరకు అలాగే ఉంచాం, చదవడానికి వీలుగా అక్కడక్కడా సర్దాం.)

00:00 – ఎందుకు ఈ టాపిక్

ఈ రోజు ఫోన్ రివ్యూ లేదు, కోడింగ్ లేదు. క్యాన్సర్ గురించి మాట్లాడుకుందాం. స్కిప్ కొట్టకండి. మీలో చాలామందికి ఇంట్లో 55 దాటిన నాన్నో, 70 దాటిన తాతో ఉంటారు. వాళ్ల కోసమే ఈ వీడియో.

మనం ఇప్పుడు నయాపూల్ మీద ఉన్నాం. కింద మూసీ. ఒక ఒడ్డున ఉస్మానియా జనరల్ హాస్పిటల్, ఎదురు ఒడ్డున హైకోర్టు. మదీనా వైపు షాపింగ్‌కి పోయేవాళ్లు, అఫ్జల్‌గంజ్ వైపు ఆసుపత్రికి పోయేవాళ్లు అందరూ ఈ బ్రిడ్జి మీదే. చేతిలో ఎక్స్‌రే కవర్, టిఫిన్ క్యారియర్ పట్టుకుని పోయే మనుషుల్ని ఇక్కడ ఏ టైమ్‌లో నిలబడ్డా చూస్తాం. ఆ కవర్లలో ఉన్న రిపోర్ట్ ఏం చెప్తుందో వాళ్లలో చాలామందికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. డాక్టర్‌కి టైమ్ ఉండదు, మనకు అడిగే ధైర్యం ఉండదు.

ప్రోస్టేట్ క్యాన్సర్ అనగానే ఇళ్లలో రెండు ప్రశ్నలు వస్తాయి. ఒకటి: "ప్రోస్టేట్‌లో ఉందన్నారు, ఇప్పుడు నడుము ఎముకలోకి వచ్చిందంటున్నారు. ఇది వేరే బోన్ క్యాన్సరా?" రెండు: "బయాప్సీ అని సూది పొడిచారు, అందుకే పాకిందా? కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందంటారు కదా?"

రెండో ప్రశ్న చాలా డేంజర్. ఆ ఒక్క మాట నమ్మి టెస్టు చేయించుకోకుండా నెలలకు నెలలు ఆగిపోతారు. ఈ రెండింటికీ జవాబు కావాలంటే ఒక విషయం అర్థం కావాలి. ఒక చోట బుద్ధిగా కూర్చోవాల్సిన కణం లేచి ఎలా నడుస్తుంది? గోడలు ఎలా దాటుతుంది?

నేను డాక్టర్‌ని కాదు. కోడ్ రాసి, డీబగ్ చేసి బతికినవాణ్ని. కానీ ఈ కథ వింటే మీకే అనిపిస్తుంది, ఇది అచ్చం ఒక పెద్ద సిస్టమ్‌లో బగ్ పాకే కథ అని.

02:05 – ప్రోస్టేట్ అంటే ఏది?

మగవాళ్లకు మూత్రాశయం కింద అక్రోట్ కాయంత గ్రంథి ఒకటి ఉంటుంది. మూత్రం బయటికొచ్చే గొట్టం దాని మధ్యలోంచే పోతుంది. అందుకే అది పెద్దదైతే ఒంటేలు కష్టమవుతుంది. వీర్యంలో ఉండే ద్రవంలో కొంత భాగం తయారు చేయడం దాని పని. రిపోర్టుల్లో పీఎస్ఏ అని చూస్తారు కదా, అది కూడా ఈ గ్రంథి తయారు చేసే ప్రొటీనే. వీర్యాన్ని పల్చన చేయడం దాని అసలు డ్యూటీ. కొద్దిగా రక్తంలోకి లీక్ అవుతుంది, దాన్నే కొలుస్తారు.

ఈ గ్రంథి లోపల కణాలు వరసగా, ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి. పక్క కణాన్ని పట్టుకోవడానికి ఈ-క్యాధెరిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, చొక్కా గుండీల్లాగా అనుకోండి. ఆ వరస కింద బేస్‌మెంట్ మెంబ్రేన్ అనే పల్చటి పొర, అది ప్రహరీ గోడ. గోడ అవతల వేరే కణజాలం, రక్తనాళాలు, నరాలు. మామూలు కణం గుండీ విప్పదు, గోడ దూకదు. విప్పిందంటే సాధారణంగా చచ్చిపోతుంది. ఒంట్లో అంత కఠినమైన రూల్ ఉంది.

మరి క్యాన్సర్ కణం ఆ రూల్‌ని ఎలా దాటింది? సిగ్నల్స్‌ని హ్యాక్ చేసి.

04:10 – సిగ్నల్ అంటే ఏంటి?

కణం తనంతట తాను ఏ నిర్ణయం తీసుకోదు. పెరగాలా, ఆగాలా, కదలాలా, చావాలా అన్నీ బయటి నుంచి వచ్చే మెసేజ్‌లను బట్టే. ఆ మెసేజ్ ఒక హార్మోన్ కావచ్చు, గ్రోత్ ఫ్యాక్టర్ అనే చిన్న ప్రొటీన్ కావచ్చు. కణం గోడ మీద రిసెప్టర్ ఉంటుంది. మెసేజ్ వచ్చి దానికి అతుక్కుంటుంది. రిసెప్టర్ లోపలి వైపు ఆకారం మారుతుంది. అది పక్కనున్న ప్రొటీన్‌కి ఒక ఫాస్ఫేట్ తగిలిస్తుంది, ఆ ప్రొటీన్ ఆన్ అవుతుంది, అది ఇంకోదాన్ని ఆన్ చేస్తుంది. ఇలా ఒకరి నుంచి ఒకరికి పోయి చివరికి డీఎన్ఏ దగ్గరికో, కణం అస్థిపంజరం దగ్గరికో చేరుతుంది. ఫాస్ఫేట్ తగిలించేవాటిని కైనేజ్‌లు అంటారు. పని అయిపోయాక స్విచ్ ఆఫ్ కావాలి. ఆఫ్ కావడం కూడా ఆన్ కావడం అంత ముఖ్యం.

ఇక్కడ మన హైదరాబాద్ లింక్ ఒకటి చెప్పాలి. ఈ స్విచ్‌లలో అన్నింటికన్నా ఫేమస్ పేరు రాస్. జీటీపీ అనే అణువు పట్టుకుంటే ఆన్, దాన్ని విరగ్గొడితే ఆఫ్. 1982లో అమెరికాలో మూడు ల్యాబ్‌లు దాదాపు ఒకే టైమ్‌లో ఒక విషయం బయటపెట్టాయి. మనిషి మూత్రాశయ క్యాన్సర్ నుంచి తీసిన కణాల్లో రాస్ జీన్‌లో ఒకే ఒక్క అక్షరం మారింది. 189 అమైనో యాసిడ్ల ప్రొటీన్‌లో 12వది గ్లైసిన్ ఉండాల్సింది, వేలిన్ అయింది. అంతే. స్విచ్ ఆఫ్ కావడం మానేసింది. ఆ మూడింట్లో ఒక పరిశోధనాపత్రంలో మొదటి పేరు ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి. మన ఉస్మానియా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసిన మనిషి.

300 కోట్ల అక్షరాల కోడ్‌లో ఒక్క అక్షరం. సెమీకోలన్ మిస్సయి రాత్రంతా కూర్చున్న ప్రతి బీటెక్ పిల్లోడికీ, పిల్లకీ ఆ బాధ తెలుసు. కాకపోతే ఇక్కడ బిల్డ్ ఫెయిల్ అవదు. బిల్డ్ పాసై, ప్రోగ్రామ్ ఆగకుండా నడుస్తుంది. అదే ప్రాబ్లమ్.

06:40 – ప్రోస్టేట్‌లో ఏ వైర్లు కాలుతాయి?

ప్రోస్టేట్ క్యాన్సర్‌లో రాస్ జీనే నేరుగా చెడిపోవడం అరుదు. కానీ అదే నెట్‌వర్క్‌లో వేరే చోట్ల దెబ్బ తగులుతుంది. ముఖ్యమైనవి మూడు.

మొదటిది మగ హార్మోన్ వైరు. టెస్టోస్టెరోన్ లాంటి హార్మోన్లు కణంలోపలున్న ఆండ్రోజన్ రిసెప్టర్‌ని పట్టుకుంటాయి, అది డీఎన్ఏ దగ్గరికెళ్లి జీన్‌లను ఆన్ చేస్తుంది. ప్రోస్టేట్ కణానికి ఇది ప్రాణం. 1941లో చార్లెస్ హగ్గిన్స్ అనే సర్జన్, ఈ హార్మోన్‌ని తగ్గిస్తే ఒళ్లంతా పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్ కూడా వెనక్కి తగ్గుతుందని చూపించాడు. 1966లో నోబెల్ వచ్చింది. ఇవాళ్టికీ హార్మోన్ ట్రీట్‌మెంట్ అంటే ఆ ఐడియానే.

రెండోది కాపీ-పేస్ట్ బగ్. 2005లో మిషిగన్‌లో అరుళ్ చిన్నయ్యన్ టీమ్ కనిపెట్టింది. టీఎంపీఆర్ఎస్ఎస్2 అనే జీన్ మగ హార్మోన్ చెప్తే ఆన్ అవుతుంది. ఈఆర్‌జీ అనే జీన్‌కి ఆ హార్మోన్‌తో సంబంధం లేదు. డీఎన్ఏ తెగి, తప్పుగా అతుక్కున్నప్పుడు మొదటి జీన్ స్విచ్ వచ్చి రెండో జీన్ ముందు కూర్చుంటుంది. ఇంకేముంది, హార్మోన్ వచ్చిన ప్రతిసారీ ఈఆర్‌జీ కూడా మోగుతుంది. ఇది కణం చొరబాటుకు పనికొచ్చే జీన్‌లను లేపుతుంది. యూరప్ మూలాలున్న పేషెంట్లలో దాదాపు సగం మందిలో ఈ అతుకు కనబడుతుంది. ఆసియాలో తక్కువ.

మూడోది బ్రేక్ ఫెయిల్. దాని పేరు పీటెన్. 1997లో గుర్తించారు. పీఐ3కే, ఏకేటీ అనే ఒక వైరు ఉంది, కణానికి "బతుకు, పెరుగు, కదులు" అని చెప్తుంది. పీటెన్ ఆ వైరు మీద పెట్టిన ఫాస్ఫేట్‌ని పీకేసి ఆఫ్ చేస్తూ ఉంటుంది. వేరే అవయవాలకు పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్లలో దాదాపు 40 శాతంలో పీటెన్ పోయి ఉంటుంది. బ్రేక్ లేని ఆటోని నయాపూల్ దిగుడులో వదిలినట్టు.

గుర్తుపెట్టుకోండి, ఇప్పటిదాకా చెప్పింది ఎక్కువగా పెరగడం గురించి. ఎక్కువ పెరిగినంత మాత్రాన కణం నడవదు. గడ్డ పెద్దదవుతుంది, అంతే. ప్రాణం తీసేది చాలావరకు ఆ గడ్డ కాదు, అక్కడి నుంచి లేచిపోయిన కణాలు. ఇప్పుడు ఆ లేవడం చూద్దాం.

10:15 – గుండీలు విప్పడం

గడ్డ చుట్టూ మామూలు కణాలు కూడా ఉంటాయి. అవి టీజీఎఫ్-బీటా అనే మెసేజ్ పంపుతాయి. మంచి కణానికి ఆ మెసేజ్ అర్థం "పెరగడం ఆపు". అదే మెసేజ్ ముదిరిన క్యాన్సర్ కణానికి చేరితే అర్థం మారిపోతుంది: "సామాన్లు సర్దుకో". మెసేజ్ అదే, చదివేవాడు మారాడు. లోపలి కోడ్ చెడిపోతే బయటి నుంచి వచ్చిన మంచి మాట కూడా చెడుగానే వినబడుతుంది.

ఆ సిగ్నల్ లోపలికెళ్లి స్నెయిల్, ట్విస్ట్, జెబ్1 అనే ప్రొటీన్లను లేపుతుంది. ఇవి డీఎన్ఏ దగ్గర కూర్చుని ఈ-క్యాధెరిన్ తయారీని ఆపేస్తాయి. గుండీలు ఊడిపోతాయి. బదులుగా ఎన్-క్యాధెరిన్ వస్తుంది, అది గట్టిగా పట్టుకోదు, కదిలే కణాలకు పనికొచ్చే పట్టు. ఇటుకలా చతురస్రంగా ఉన్న కణం సన్నగా, పొడుగ్గా సాగుతుంది.

ఇది క్యాన్సర్ కొత్తగా కనిపెట్టిన ట్రిక్ కాదు. తల్లి కడుపులో పిండం తయారయ్యేటప్పుడు కణాలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడిచి వెళ్లాలి. గాయం మానేటప్పుడు చర్మ కణాలు జరగాలి. ఆ పాత కోడ్ మన ప్రతి కణంలో ఉంది, లాక్ చేసి ఉంది. క్యాన్సర్ కణం ఆ తాళం తీస్తుంది. అన్ని కణాలూ పూర్తిగా మారవు. కొన్ని సగం గుండీలు పెట్టుకునే గుంపుగా కూడా పోతాయి.

12:30 – కణం ఎలా నడుస్తుంది?

కణానికి కాళ్లు లేవు. మరి ఎలా నడుస్తుంది? లోపల యాక్టిన్ అనే దారాలు ఉంటాయి. వాటిని కట్టడం, విప్పడం చేసే ముగ్గురు మేనేజర్లు ఉన్నారు: ఆర్‌ఏసీ, రో, సీడీసీ42. ముగ్గురూ ఇందాక చెప్పిన రాస్‌కి చుట్టాలే, అలాంటి ఆన్-ఆఫ్ స్విచ్‌లే.

సీడీసీ42 దిక్కు చూస్తుంది, వేళ్లలాంటి సన్నటి కొనలు బయటికి చాచి "ఇటు పోదాం" అంటుంది. ఆర్‌ఏసీ ముందు వైపు యాక్టిన్ దారాలు అల్లి పల్చటి అంచుని ముందుకు నెడుతుంది. ఆ అంచు కింద నేలను ఇంటెగ్రిన్ అనే కొక్కేలతో పట్టుకుంటుంది. ఆ కొక్కేల దగ్గర ఎఫ్ఏకే, సార్క్ అనే కైనేజ్‌లు కూర్చుని పట్టు బిగించాలా, వదలాలా చెప్తుంటాయి. చివరికి రో వెనక భాగాన్ని గట్టిగా పిండుతుంది, తోక వదిలి ముందుకు జరుగుతుంది. తాడు పట్టుకుని గోడ ఎక్కేవాడిలా: చెయ్యి చాపు, పట్టుకో, ఒళ్లు లాగు, కాలు వదులు. మళ్లీ మొదలు.

స్పీడ్ ఎంత? ల్యాబ్ డిష్‌లో గంటకు కొన్ని పదుల మైక్రాన్లు. ఒక తల వెంట్రుక మందం దాటడానికే గంటలు పడుతుంది. నత్త కూడా దీని ముందు బుల్లెట్ బండి. కానీ దానికి తొందర లేదు, నెలలు, సంవత్సరాలు టైమ్ ఉంది.

ఈ మొత్తం మెషిన్‌కి కరెంట్ ఇచ్చేది ఎవరు? బ్రేక్ ఫెయిలైన పీఐ3కే వైరే. కణం ముందు వైపున అది ఆన్ అయితే అక్కడే ఆర్‌ఏసీ లేస్తుంది. అంటే పెరగమని చెప్పిన సిగ్నలే నడవమని కూడా చెప్తోంది. అందుకే పీటెన్ పోయిన గడ్డలు మొండిగా తయారవుతాయి.

15:20 – గోడకు కన్నం

నడవడం వచ్చింది సరే, ముందు ప్రహరీ గోడ ఉంది. ఇక్కడ కణం కన్నం వేసే దొంగలా పనిచేస్తుంది. సార్క్ సిగ్నల్‌తో కణం అడుగు భాగంలో ఇన్‌వాడోపోడియా అనే ముళ్లలాంటివి పొడుచుకొస్తాయి. వాటి కొసన ఎంఎంపీ అనే కత్తెర ఎంజైమ్‌లు ఉంటాయి. ఇవి గోడలోని కొలాజెన్‌ని ముక్కలు చేస్తాయి. యూపీఏ అనే ఇంకో ఎంజైమ్ కూడా కలుస్తుంది. అది రక్తంలో మామూలుగా ఉండే ప్లాస్మినోజెన్‌ని ప్లాస్మిన్‌గా మారుస్తుంది, ప్లాస్మిన్ చుట్టుపక్కల ప్రొటీన్లను కోస్తుంది.

ఇంకో మెలిక చూడండి. గోడ పగిలినప్పుడు అందులో దాచి ఉంచిన గ్రోత్ ఫ్యాక్టర్లు బయటపడతాయి. అవి మళ్లీ కణం రిసెప్టర్‌కే తగులుతాయి. దొంగ గోడ పగలగొడితే ఆ గోడలోనే వాడికి కూలి డబ్బులు దొరికినట్టు. ఇది లూప్. ఎగ్జిట్ కండిషన్ లేదు.

ఇదంతా ఎలా తెలిసిందని అడగొచ్చు. ల్యాబ్‌లో చాలా సింపుల్ టెస్టులు ఉన్నాయి. డిష్ నిండా కణాలు పెంచి, పిపెట్ కొసతో మధ్యలో ఒక గీత గీస్తారు. కణాలు ఆ ఖాళీని ఎంతసేపట్లో నింపాయో ఫోటోలు తీస్తారు. అది వలస టెస్టు. చొరబాటు చూడాలంటే చిన్న రంధ్రాలున్న పొర మీద జెల్ పూసి, పైన కణాలు వేసి, కింద ఆశపెట్టే మెసేజ్ ఉంచుతారు. ఎన్ని కణాలు జెల్‌ని తొలుచుకుని కిందికి దిగాయో లెక్కపెడతారు. ఒక్కో సిగ్నల్‌ని ఆపి మళ్లీ అదే టెస్టు చేస్తారు. మనం ఒక్కో మాడ్యూల్‌ని కామెంట్ చేసి బగ్ ఎక్కడుందో వెతికినట్టే.

ఈ టెస్టుల్లో వాడే కణాలు కూడా మనుషులవే. పీసీ-3 అనే కణాలు 1979లో ప్రకటించినవి, ఎముకకు పాకిన గడ్డ నుంచి తీసినవి. ఎల్ఎన్‌క్యాప్ లింఫ్ గ్రంథి నుంచి, డీయూ145 మెదడుకు పాకిన గడ్డ నుంచి. ఆ పేషెంట్లు ఎప్పుడో పోయారు. వాళ్ల కణాలు ప్రపంచంలో ఎన్నో ల్యాబ్‌లలో ఇంకా పెరుగుతున్నాయి, పాఠాలు చెప్తున్నాయి.

18:40 – ఎముకే ఎందుకు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. కణం రక్తంలో పడింది. రక్తంలో ప్రయాణం నరకం. ఒత్తిడికి పగిలిపోతాయి, రోగనిరోధక కణాలు తినేస్తాయి. ఎలుకల ప్రయోగాల్లో, రక్తంలోకి వదిలిన కణాల్లో కొత్త గడ్డ కట్టేవి 0.01 శాతం కన్నా తక్కువ అని తేలింది. పదివేలల్లో ఒకటి కూడా కష్టమే.

మరి మిగిలిన ఆ ఒక్కటీ ఎక్కడ దిగుతుంది? 1889లో లండన్‌లో స్టీఫెన్ పేజెట్ అనే డాక్టర్ రొమ్ము క్యాన్సర్ కేసులు చూసి విత్తనం, నేల అనే పోలిక చెప్పాడు. విత్తనం అన్ని వైపులా ఎగురుతుంది, పనికొచ్చే నేల మీదే మొలుస్తుంది. మన రైతుకి ఇది పుస్తకం చూసి చెప్పక్కర్లేదు. నల్లరేగడిలో వచ్చే పంట చౌడు నేలలో రాదు.

ప్రోస్టేట్ విత్తనానికి ఎముక మూలుగ ఎందుకు నచ్చింది? అక్కడి కణాలు సీఎక్స్‌సీఎల్12 అనే రసాయనం వదులుతాయి. మామూలుగా అది రక్తం తయారు చేసే మూలకణాలను ఇంటికి పిలిచే లొకేషన్ పిన్. ఆ పిన్‌ని చదివే రిసెప్టర్ సీఎక్స్‌సీఆర్4. క్యాన్సర్ కణాలు ఆ రిసెప్టర్‌ని తమ గోడ మీద పెట్టుకుంటాయి. దొంగ డెలివరీ బాయ్ టీషర్ట్ వేసుకుని అపార్ట్‌మెంట్ గేటు దాటినట్టు, మూలకణాల గదిలోకి దూరి కూర్చుంటాయి. దానికి తోడు ప్రోస్టేట్ దగ్గరి సిరలకూ వెన్నెముక చుట్టూ ఉన్న సిరలకూ దగ్గరి దారి ఉంది. 1940లో ఆస్కార్ బ్యాట్సన్ ఆ సిరల వలను వివరించాడు. అందుకే నడుము, తుంటి ఎముకలు ముందు దెబ్బతింటాయి.

అక్కడ ఎముక కణాలతో వీటికి మాటలు మొదలవుతాయి. ఎముకని కట్టే కణాలు, తినే కణాలు అని రెండు రకాలున్నాయి. ర్యాంక్-లిగాండ్ అనే సిగ్నల్‌తో తినే కణాలు లేస్తాయి, ఎముక కరుగుతుంది, లోపల దాచిన టీజీఎఫ్-బీటా బయటపడుతుంది, అది క్యాన్సర్ కణాన్ని మేపుతుంది. ఇంకో పక్క ప్రోస్టేట్ క్యాన్సర్ కట్టే కణాలను కూడా రెచ్చగొడుతుంది. వంకరటింకరగా కొత్త ఎముక వస్తుంది. చూడ్డానికి దట్టంగా ఉంటుంది, గట్టిగా ఉండదు. కాంట్రాక్టర్ ఇసుక ఎక్కువ, సిమెంట్ తక్కువ కలిపిన గోడలాగా.

కాబట్టి జవాబు: ఇది బోన్ క్యాన్సర్ కాదు. ఎముకలో ఉన్న ప్రోస్టేట్ క్యాన్సర్. మనిషి ఊరు మారాడు, ఆధార్ కార్డ్ మారలేదు. అందుకే ఎముకలో ఉన్నా ప్రోస్టేట్‌కి ఇచ్చే హార్మోన్ ట్రీట్‌మెంట్‌నే ఇస్తారు, అది పనిచేస్తుంది కూడా.

22:10 – సిగ్నల్ తెలిసింది కదా, ఆపేస్తే పోలే?

నాకూ ఇదే డౌట్ వచ్చింది. సార్క్ కదలికకు ముఖ్యం కదా, ఆపే మందు ఉందా అంటే ఉంది, డాసటినిబ్. వేరే చోట్లకు పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్‌లో, మగ హార్మోన్ తగ్గించినా లొంగని దశలో, కీమోతో కలిపి 1,500 మందికి పైగా పేషెంట్లలో పరీక్షించారు. ఫలితం 2013లో వచ్చింది. ఆయుష్షు పెరగలేదు. అంతకుముందు 1990లలో కత్తెర ఎంజైమ్‌లను ఆపే మందులు రకరకాల క్యాన్సర్లలో పరీక్షించారు. అవీ నిరాశే.

ఎందుకు? ఇక్కడ నిలబడి చూస్తే అర్థమవుతుంది. నయాపూల్ బంద్ చేస్తే పాతబస్తీకి ట్రాఫిక్ ఆగుతుందా? ముస్లింజంగ్ పూల్ ఉంది, పురానాపూల్ ఉంది, అటు చాదర్‌ఘాట్ ఉంది. కొంచెం చుట్టు తిరిగి పోతారు. కణం కూడా అంతే. ఒక సిగ్నల్ మూస్తే ఇంకోటి తెరుస్తుంది. ఇంకో కారణం టైమింగ్. ఆ పేషెంట్లకు క్యాన్సర్ అప్పటికే వేరే చోట్లకు పాకిపోయింది. ట్రాఫిక్ అవతలికి వెళ్లాక బ్రిడ్జి మూస్తే లాభం ఏముంది?

అలాగని అన్నీ ఫెయిల్ కాలేదు. మగ హార్మోన్ వైరు మాత్రం ఈ క్యాన్సర్‌కి మెయిన్ రోడ్డు. దాన్ని ఇంకా గట్టిగా మూసే మందులు వచ్చాయి. హార్మోన్ తయారీనే ఆపే అబిరాటెరోన్ 2011లో, రిసెప్టర్‌ని మూసే ఎంజలుటమైడ్ 2012లో అమెరికాలో అనుమతి పొందాయి. ఎంతోమందికి అదనంగా నెలలు, సంవత్సరాలు ఇచ్చాయి. ర్యాంక్-లిగాండ్‌ని పట్టుకునే డెనోసుమాబ్ ఎముకలు విరగడాన్ని తగ్గిస్తుంది. ఇవన్నీ సిగ్నల్ మ్యాప్ చదివి తయారు చేసినవే. అయితే కొన్నాళ్లకు కణం ఈ మందులనూ తప్పించుకోవడం నేర్చుకోవచ్చు. రిసెప్టర్ కాపీలు పెంచుకుంటుంది, లేదా హార్మోన్ పట్టుకునే భాగమే లేని, ఎప్పుడూ ఆన్‌లో ఉండే పొట్టి రిసెప్టర్ తయారు చేసుకుంటుంది.

అన్నింటికన్నా బలమైన ఆయుధం మాత్రం పాతదే: నడక మొదలుకాక ముందు పట్టుకోవడం. గ్రంథిలోనే ఉన్నప్పుడు ఆపరేషన్‌తోనో, రేడియేషన్‌తోనో పూర్తిగా నయం చేసే అవకాశం బాగా ఉంటుంది. ఇక్కడా మనవాళ్ల పేరు ఒకటి ఉంది. మన సాఫ్ట్‌వేర్ లైన్ నుంచే వెళ్లిన తెలుగాయన, రాజ్ వట్టికూటి. అమెరికాలో ఐటీ కంపెనీ పెట్టి, 2001లో డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ హాస్పిటల్‌కి ప్రోస్టేట్ క్యాన్సర్ పని కోసం 2 కోట్ల డాలర్లు ఇచ్చారు. అక్కడే డాక్టర్ మణి మీనన్ టీమ్ రోబో సాయంతో ప్రోస్టేట్ తీసే ఆపరేషన్‌ని రోజువారీ పద్ధతిగా మార్చింది. అక్కడి వట్టికూటి యూరాలజీ ఇన్‌స్టిట్యూట్ ఆయన పేరు మీదే.

26:00 – కత్తి తగిలితే పాకుతుందా?

ఇప్పుడు రెండో ప్రశ్న. ఇప్పటిదాకా విన్నది గుర్తు తెచ్చుకోండి. పాకాలంటే కణం గుండీలు విప్పాలి, నడవాలి, గోడ కోయాలి, రక్తంలో బతకాలి, సరైన పిన్ చదవాలి, కొత్త చోట ఎముకతో మాట్లాడి మేత సంపాదించాలి. ఆరు పనులు. సూది ఇందులో ఏ ఒక్క సిగ్నల్‌నీ నేర్పించదు. సూది దారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ మొలిచిన కేసులు అసలు లేవని కాదు, చాలా చాలా అరుదు. బయాప్సీకి రిస్క్ లేదని కూడా అనను. కొన్నాళ్లు మూత్రంలో, వీర్యంలో రక్తం కనబడొచ్చు, ఇన్‌ఫెక్షన్ రావొచ్చు, జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి పోవాలి. కానీ ఆ సూది వల్ల క్యాన్సర్ ఎముకకు చేరిందనడం తప్పు.

మరి మన చుట్టాల్లో "ఆపరేషన్ చేయించాం, ఆరు నెలల్లో పాకింది" అనే మాట ఎందుకు వినబడుతుంది? ఎందుకంటే మనం వెళ్లిందే లేటుగా. బయాప్సీ తర్వాత స్కాన్ తీస్తారు. ముందే ఎముకలో ఉన్నది అప్పుడు కనబడుతుంది. లైట్ వేశాక ఎలుక కనబడితే, లైట్ వల్ల ఎలుక వచ్చిందంటామా?

27:50 – మీ ఇంట్లో ఏం చేయాలి

ఒంటేలు సన్నగా రావడం, రాత్రి నాలుగుసార్లు లేవడం, వచ్చి కూడా పూర్తి కాలేదనిపించడం. వయసులో ఇది చాలామందికి ఉంటుంది, ఎక్కువసార్లు అది క్యాన్సర్ కాదు, గ్రంథి మామూలుగా పెరగడమే. అది క్యాన్సర్‌గా మారదు కూడా. కానీ ఏది ఏదో ఇంట్లో కూర్చుని తేల్చలేం. పైగా మొదటి దశలో ప్రోస్టేట్ క్యాన్సర్ ఏ లక్షణమూ చూపించకపోవచ్చు. అందుకే 50 దాటినవాళ్లు పీఎస్ఏ టెస్టు అవసరమా అని డాక్టర్‌తో ఒకసారి మాట్లాడాలి. తండ్రికో, అన్నదమ్ములకో వచ్చి ఉంటే ఇంకా ముందే, 40లలోనే.

పీఎస్ఏ ఎక్కువ రాగానే ఏడవకండి. గ్రంథి పెరిగినా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. తక్కువ ఉంటే గ్యారంటీ కూడా కాదు. క్యాన్సరే అని తేలినా, అన్నీ నడిచే రకం కావు. కొన్ని ఎంత నెమ్మదంటే, ట్రీట్‌మెంట్ ఇవ్వకుండా టెస్టులతో గమనిస్తూ ఉంటారు. ఏది నెమ్మదిదో, ఏది దూకేదో అంచనా వేయడానికే బయాప్సీలో గ్లీసన్ స్కోర్ ఇస్తారు. మైక్రోస్కోప్ కింద కణాలు ఎంతవరకు వరస తప్పాయో చూసే మార్కులు అవి. ఇందాకటి గుండీల లెక్కే ఒక రకంగా.

ఇంకోటి, ఇది స్క్రీన్‌షాట్ తీసుకోండి. ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న మనిషికి కొత్తగా నడుము నొప్పి గట్టిగా వచ్చి, దానితో కాళ్లలో బలం తగ్గినా, తిమ్మిరెక్కినా, ఒంటేలు-దొడ్డి మీద కంట్రోల్ పోయినా అది ఎమర్జెన్సీ. వెన్నుపాము నొక్కుకుపోతుండొచ్చు. మసాజ్, బామ్, "రేపు చూద్దాం" వద్దు. అదే రోజు, అదే గంటలో ఆసుపత్రికి. గంటలు లేటైతే కాళ్లు పోతాయి.

మన హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, ప్రభుత్వానిది, 1955 నుంచి ఉంది. ఈ బ్రిడ్జి నుంచి ఆటోలో పోయేంత దూరం. యూరాలజీ విభాగాలు పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో ఉన్నాయి. డబ్బుల్లేవని ఆగకండి.

30:15 – చివరగా

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు ఫోన్ నోట్స్‌లో రాసుకుని వెళ్లండి. గ్లీసన్ స్కోర్ ఎంత? క్యాన్సర్ గ్రంథిలోనే ఉందా, గోడ దాటిందా? ఎముకల స్కాన్ అవసరమా? ఈ మూడూ అడిగితే సగం కథ మీకు అర్థమవుతుంది. జవాబులు అక్కడే రాసుకోండి, ఇంటికొచ్చేసరికి మర్చిపోతాం.

మన నాన్నలు ఒంటేలు ప్రాబ్లమ్ గురించి కొడుకుతో చెప్పరు, బిడ్డతో అసలే చెప్పరు. అమ్మకు మాత్రం తెలుస్తుంది, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నాడో. ముందు అమ్మని అడగండి. తర్వాత నాన్నని బండెక్కించుకుని తీసుకుపోండి, "ఊకె చెకప్ నాన్న" అని చెప్పి.

డౌట్లు కామెంట్స్‌లో రాయండి. రిపోర్టుల ఫోటోలు మాత్రం పెట్టకండి, అవి మీ ఇంటి విషయం, డాక్టర్‌కి చూపించండి. ఈ వీడియోకి లైక్ కొట్టకపోయినా పర్లేదు, ఫ్యామిలీ గ్రూప్‌లో ఒకసారి ఫార్వర్డ్ చేయండి. గుడ్‌మార్నింగ్ మెసేజ్‌ల మధ్యలో ఇది కూడా ఒకటి ఉండనీయండి.

మళ్లీ వచ్చే ఆదివారం కలుద్దాం. ఉంటా.